తొమ్మిది ఊళ్ళు వద్దు మాస్టారూ, మూడు చాలు

ప్రశ్న: మాది రాజమండ్రి. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నాకు 64, మా ఆవిడకి 59. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంకో ముగ్గురితో కలిసి ఒకే ఇంట్లో ఉంటాడు కాబట్టి మేం హోటళ్ళలోనే దిగాలి. సెప్టెంబర్‌లో 12 రాత్రులు ఉండేలా వెళ్దామనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంటు లండన్, ఆక్స్‌ఫర్డ్, స్ట్రాట్‌ఫర్డ్, మాంచెస్టర్, లేక్ డిస్ట్రిక్ట్, గ్లాస్గో, ఎడిన్‌బరో, యార్క్, కేంబ్రిడ్జ్ అన్నీ బస్సులో చూపిస్తానంటున్నాడు. అబ్బాయేమో "లండన్ ఒక్కటి చూడండి నాన్నా, చాలు" అంటున్నాడు. ఇన్నేళ్ళు పిల్లలకి పాఠాల్లో చెప్పిన కోటలూ చర్చిలూ ఒక్కసారి కళ్ళారా చూడాలని నా కోరిక. ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి, హోటళ్ళు ఎలా ఎంచుకోవాలి? మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం.

జవాబు:

మాస్టారూ, నమస్కారం.

ముందు ఏజెంటు ఇచ్చిన జాబితా చూద్దాం. పన్నెండు రాత్రులకి తొమ్మిది ఊళ్ళంటే దాదాపు రోజు విడిచి రోజు పెట్టెలు సర్దాలి. పొద్దున్నే బస్సెక్కడం, మధ్యాహ్నం ఏదో ఊళ్ళో రెండు గంటలు దిగి ఫొటోలు తీసుకోవడం, చీకటి పడే వేళకి ఇంకో హోటల్ చేరడం. ఇలాంటి ప్యాకేజీల్లో హోటల్ తరచుగా ఊరి బయట హైవే పక్కనే ఉంటుంది, పెద్ద బస్సు నిలపడానికి జాగా అక్కడే దొరుకుతుంది కాబట్టి. అమ్మగారి మోకాళ్ళకి బస్సు మెట్లు ఎక్కడం దిగడంతోనే సగం ఓపిక అయిపోతుంది. చరిత్ర చెప్పిన మీరు యార్క్ చర్చిని బస్సు కిటికీలోంచి చూసి రావడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

అలాగని అబ్బాయి మాటకీ పూర్తిగా తలూపలేను. లండన్ గొప్ప ఊరే. కానీ 1666 అగ్నిప్రమాదంలో కొంత, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి కొంత పాత లండన్ పోయింది. మధ్యయుగాల ఊరు ప్రహరీ గోడతో, సందులతో, చర్చితో ఎలా ఉండేదో కాళ్ళతో నడిచి తెలుసుకోవాలంటే యార్క్ వెళ్ళాలి. రాతి కొండ మీద కోట, దాని కాళ్ళ దగ్గర ఊరు చూడాలంటే ఎడిన్‌బరో వెళ్ళాలి.

నా సలహా ఇది: లండన్‌లో ఐదు రాత్రులు, యార్క్‌లో మూడు, ఎడిన్‌బరోలో నాలుగు. ఈ మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి యార్క్ సుమారు రెండు గంటలు, అక్కణ్ణుంచి ఎడిన్‌బరో రెండున్నర. లీడ్స్ నుంచి యార్క్ అరగంట కూడా కాదు కాబట్టి అబ్బాయి ఆఫీసు అయ్యాక కూడా వచ్చి మీతో భోంచేయగలడు. విమానం టికెట్ లండన్‌లో దిగేలా, ఎడిన్‌బరోలో ఎక్కేలా తీసుకోండి. ఎడిన్‌బరో నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో హైదరాబాద్ రావచ్చు. మళ్ళీ లండన్‌కి నాలుగున్నర గంటలు వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది.

ఇక హోటళ్ళు. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా అమ్మానాన్నలని ఎడిన్‌బరో తీసుకెళ్ళాను. రెండు వందల ఏళ్ళ నాటి రాతి భవనం, ఎత్తు కిటికీలు, ఫొటోల్లో చూడముచ్చటగా ఉందని హోటల్ బుక్ చేశాను. వెళ్ళాక తెలిసింది, గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. మెలికలు తిరిగిన సన్నటి మెట్లు, ఒక పెట్టె పడితే మనిషి పట్టడు. నాన్న ఒక్కో మెట్టు మీద పెట్టె ఆనించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తేవారు. అమ్మ రెండో అంతస్తు మలుపులో మెట్టు మీదే కూర్చుండిపోయి "నువ్వెళ్ళమ్మా, నేను నెమ్మదిగా వస్తా" అంది. ఆ మూడు రోజులూ పొద్దున్న కిందికి దిగితే రాత్రి దాకా మళ్ళీ గదికి వెళ్ళలేదు. మధ్యాహ్నం నడుం వాల్చాలని ఉన్నా కాఫీ షాపులో కుర్చీలోనే కునుకు తీసేది. తప్పు నాదే, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు.

కాబట్టి నక్షత్రాలు ఎన్నో చూడకముందు లిఫ్టు ఉందా అని చూడండి. ఆ దేశంలో పాత ఇళ్ళని హోటళ్ళుగా మార్చినవి చాలా ఉంటాయి, వాటిలో లిఫ్టు పెట్టే వీలు తరచు ఉండదు. ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి గొలుసు హోటళ్ళకి అందం తక్కువ. కానీ గది ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది, లిఫ్టు చాలా చోట్ల ఉంటుంది. అయినా బుక్ చేసే ముందు అడగండి. ఇక స్నానాల గది. చాలా హోటళ్ళలో షవర్ బాత్ టబ్బు లోపల ఉంటుంది. మోకాలు ఎత్తు అంచు దాటి తడి నేల మీద కాలు పెట్టాలి. అమ్మగారికి అది వద్దు. టబ్బు లేకుండా నేరుగా నడిచి వెళ్ళే షవర్ ఉన్న గది కావాలని బుక్ చేసేటప్పుడే రాయండి. చాలా హోటళ్ళలో అలాంటి గదులు కొన్ని ఉంటాయి, ముందు అడిగినవాళ్ళకి ఇస్తారు. బకెట్టూ మగ్గూ ఉండవు, చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకోండి. డబుల్ అంటే ఒకటే మంచం, ట్విన్ అంటే రెండు విడి మంచాలు. సెప్టెంబర్‌లో ఏసీ లేకపోయినా ఫర్వాలేదు. గదిలో టీ కాచుకునే కెటిల్ దాదాపు అన్ని చోట్లా ఉంటుంది గానీ ఫ్రిజ్ ఉంటుందని అనుకోకండి. రైస్ కుక్కర్ మాత్రం హోటల్ గదిలో పెట్టకండి, పొగ అలారం మోగిందంటే హోటల్ మొత్తం రోడ్డు మీదికి వస్తుంది. అన్నం వండుకోవాలని ఉంటే యార్క్‌లో ఆ మూడు రాత్రులకి చిన్న వంటిల్లు ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ తీసుకోండి. అబ్బాయి కూడా అమ్మ చేతి చారు తింటాడు.

గది అద్దె యార్క్‌లో శనివారం రాత్రి బాగా పెరుగుతుంది. ఆదివారం చేరి బుధవారం బయల్దేరేలా చూసుకుంటే అదే గది తక్కువకి రావచ్చు. ఎడిన్‌బరోలో ఆగస్టు నెలంతా ఉత్సవాలు, గది దొరకడమే కష్టం. మీరు సెప్టెంబర్ అనుకోవడం చాలా మంచిదైంది. మొదటి వారం దాటాక వెళ్ళండి, అప్పటికి అక్కడి పిల్లలకి బళ్ళు తెరిచేస్తారు. ఎడిన్‌బరోలో 2026 జూలై 24 నుంచి బస మీద అదనంగా 5 శాతం పన్ను ఉంటుంది, వరుసగా ఉన్న మొదటి ఐదు రాత్రులకి. లెక్క వేసుకునేటప్పుడు అదీ కలుపుకోండి.

లండన్‌లో ఎక్కడ దిగాలంటే నా ఓటు కింగ్స్ క్రాస్, యూస్టన్, బ్లూమ్స్‌బరీ ప్రాంతానికే. హీత్రూ విమానాశ్రయం నుంచి పికడిల్లీ లైన్ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా గంటలో కింగ్స్ క్రాస్‌లో దిగుతారు, అక్కడ లిఫ్టులున్నాయి. యార్క్ రైలు అక్కణ్ణుంచే. యూస్టన్ స్టేషన్ వెనక డ్రమండ్ వీధిలో మనవాళ్ళ శాకాహార హోటళ్ళున్నాయి, దోసె తిని గదికి నడిచి రావచ్చు. ఇంకో విషయం మీకు నచ్చుతుంది. ఆ పేటలోనే ఉన్న యూనివర్సిటీ కాలేజీలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర చివరి రోజుల్లో తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. 1884లో లండన్‌లోనే పోయాడు, సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది.

బ్రిటిష్ మ్యూజియం కూడా అక్కడికి నడిచే దూరమే. ప్రవేశం ఉచితం, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. ముందుగా ఉచిత టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోండి, లైను తగ్గుతుంది. మ్యూజియం మొత్తం చూడాలనుకోకండి, వారం చాలదు. మీరు నేరుగా 33ఏ గదికి వెళ్ళండి. అది అమరావతి గది. ఆ రోజు తెరిచి ఉందో లేదో మాత్రం వెబ్‌సైట్లో చూసుకుని బయల్దేరండి.

అక్కడ అద్దాల వెనక పలనాటి సున్నపురాయి పలకలు వరసగా నిలబెట్టి ఉంటాయి. 1845లో వాల్టర్ ఇలియట్ మన అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసు తరలించిన వాటిలోవి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అందులో ఒక పలక దగ్గర తప్పకుండా ఆగండి. రెండు వైపులా చెక్కిన పలక అది. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం నాటిది. కొన్ని వందల ఏళ్ళ తరవాత ఎవరో శిల్పి అదే రాయిని తిప్పి, వెనకవైపు అమరావతి స్తూపాన్నే చెక్కాడు. గోపురం, ప్రహరీ, ద్వారం దగ్గర సింహాలు, పైన ఎగిరే గంధర్వులు. ఈ రోజు అమరావతి వెళ్తే మిగిలింది మట్టిదిబ్బ. ఆ స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకి చెప్పే బొమ్మల్లో అదొకటి. నేను మొదటిసారి దాని ముందు నిలబడ్డప్పుడు సంతోషమూ దుఃఖమూ రెండూ ఒకేసారి వచ్చాయి. మీకు కనీసం గంట కావాలి.

టవర్ ఆఫ్ లండన్‌కి ఒక పూట కేటాయించండి. విలియం రాజు 1070ల చివర్లో మొదలుపెట్టిన తెల్ల బురుజు అక్కడే ఉంది. దాంట్లో మెట్లు ఇరుకు, అమ్మగారిని కింద బెంచీ మీద కూర్చోబెట్టి మీరొక్కరూ ఎక్కి రండి. ఆభరణాల మందిరంలో మాత్రం ఇద్దరూ కలిసి వెళ్ళండి. కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరు, రాణీ మాత కిరీటంలో ఉంటుంది. 1852లో మళ్ళీ సానబట్టి 186 క్యారెట్లని 105 దాకా తగ్గించారు. ఫొటోలు తియ్యనివ్వరు. పొద్దున్న తలుపులు తెరవగానే నేరుగా అక్కడికే వెళ్తే రద్దీ ఉండదు.

వెస్ట్‌మినిస్టర్ అబ్బే, సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చిలు రెండూ టికెట్ కొనే చూడాలి, టికెట్ తక్కువేం కాదు. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే సోషల్ మాస్టారికి వెస్ట్‌మినిస్టరే. రాజులూ కవులూ శాస్త్రవేత్తలూ, న్యూటన్ దగ్గర్నుంచి, అక్కడే సమాధుల్లో ఉన్నారు.

మీరు అడగలేదు గానీ గోదావరి జిల్లా వారు కాబట్టి చెప్తున్నాను. ఒక పూట డోర్కింగ్ వెళ్ళండి. లండన్ నుంచి లోకల్ రైల్లో గంట లోపు. ఆ ఊళ్ళోనే సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు గడిపాడు, 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఊరి శ్మశానవాటికలో సమాధి ఉంది. స్టేషన్ దగ్గర ట్యాక్సీ తీసుకోండి, అమ్మగారికి నడక వద్దు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పండిన అన్నం తిన్నవాళ్ళం మనం. పుష్కరాల్లో ఆయన పేరు మీద తర్పణం వదిలేవాళ్ళు మన వైపు ఇప్పటికీ ఉన్నారు. ఆ సమాధి ముందు నిలబడితే మీకు ఏమనిపిస్తుందో నాకు ఉత్తరం రాయండి, చదవాలని ఉంది.

మిగిలిన ఇంకో రోజు బాత్ అనే ఊరికి. ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి గంటన్నర, పొద్దున్న వెళ్ళి రాత్రికి రావచ్చు. రోమన్లు కట్టిన స్నానవాటిక, దాదాపు 46 డిగ్రీల వేడితో ఇప్పటికీ ఉబికే ఊట, ఆవిరి పొర కింద ఆకుపచ్చని నీళ్ళు. ఆ నీళ్ళలో దిగనివ్వరు, చుట్టూ రాతి పలకల మీద నడిచి చూడటమే. పైకి వెళ్తే రాయల్ క్రెసెంట్, ముప్ఫై ఇళ్ళు ఒకే అర్ధచంద్రాకారంలో 1767 నుంచి 1774 దాకా కట్టినవి. స్టోన్‌హెంజ్ అనే పురాతన రాళ్ళ వలయాన్ని ఈసారికి వదిలేయండి. దానికి రోజంతా పోతుంది, రాళ్ళని తాడు ఇవతల నుంచి చూసి రావాలి.

యార్క్‌లో నాకు మీ మీద అసూయ, మొదటిసారి చూడబోతున్నారు కదా. అక్కడి పెద్ద చర్చి పేరు యార్క్ మిన్‌స్టర్, ఇప్పుడున్న కట్టడం 1220లో మొదలై 1472లో ముగిసింది. తూర్పు వైపు పెద్ద కిటికీ దాదాపు టెన్నిస్ కోర్టంత. జాన్ థార్న్‌టన్ అనే పనివాడు 1405 నుంచి 1408 దాకా, మూడేళ్ళలో పూర్తి చేశాడు. పగలు టికెట్ కొని చూడండి. సాయంత్రం గాయకబృందం ప్రార్థన జరిగే వేళకి మళ్ళీ వెళ్ళండి, ప్రార్థనకి వచ్చేవాళ్ళకి టికెట్ ఉండదు. ఏ మతం వారైనా కూర్చోవచ్చు. ముప్పావుగంట బల్ల మీద కూర్చుంటే అమ్మగారి మోకాళ్ళకీ విశ్రాంతి. గొంతులు ఆ రాతి కప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చే చప్పుడు వినాల్సిందే.

ఊరి గోడ 3 కిలోమీటర్ల పైన ఉంది, అంతా నడవక్కర్లేదు. బూథమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా (అక్కడ బార్ అంటే ఊరి గోడ ద్వారం) ఉన్న ముక్క చాలు, చర్చి అక్కణ్ణుంచే అందంగా కనిపిస్తుంది. ఎక్కడానికి మెట్లున్నాయి, కాబట్టి అది మీరూ అబ్బాయీ కలిసి వెళ్ళే నడక. షాంబుల్స్ అనే సందులో ఇళ్ళు పైకి వెళ్ళేకొద్దీ ముందుకి వంగి ఉంటాయి. ఒకప్పుడు కసాయి దుకాణాల వీధి అది, మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలు కొన్ని ఇంకా ఉన్నాయి. స్టేషన్ పక్కనే రైల్వే మ్యూజియం, ఉచితం, నేలంతా చదును. 1938లో గంటకి 126 మైళ్ళు పరిగెత్తి ఆవిరి ఇంజన్లలో ప్రపంచ రికార్డు కొట్టిన మాలార్డ్ అక్కడే ఉంది.

ఎడిన్‌బరోలో అంతా ఎత్తుపల్లాలే, ఇది ముందే తెలిసి ఉండాలి. పెట్టెలతో రాళ్ళు పరిచిన వాలు వీధుల్లో నడవలేరు. హోటల్ వేవర్లీ స్టేషన్‌కి దగ్గరగా, ప్రిన్సెస్ స్ట్రీట్ వైపు చదును నేల మీద చూసుకోండి. కోటకి ట్యాక్సీలో పైదాకా వెళ్ళి, కిందికి రాయల్ మైల్ మీదుగా నెమ్మదిగా దిగండి. ఎక్కడం కంటే దిగడం నయమనుకోకండి, మోకాళ్ళకి దిగడమే ఎక్కువ నొప్పి. కాబట్టి సెయింట్ గైల్స్ చర్చి దగ్గర ఒకసారి, ఇంకొంచెం కింద మరోసారి కూర్చోండి. ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి కోట మీద ఫిరంగి పేలుస్తారు, తెలియక ఉలిక్కిపడతారు. నేషనల్ మ్యూజియం ఉచితం, లిఫ్టులో మిద్దె మీదికి వెళ్తే ఊరూ కోటా అంతా కనిపిస్తాయి. కొండెక్కలేని వాళ్ళకి అంతకంటే మంచి చోటు లేదు. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తీసుకెళ్ళండి.

రైలు టికెట్ల విషయంలో తొందరపడాలి. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు అడ్వాన్స్ టికెట్లు అమ్మకానికి వస్తాయి, ఆ రోజు కొనే ధరలో చాలా తక్కువకి దొరుకుతాయి. కానీ ఏ రైలుకి కొంటే ఆ రైలే ఎక్కాలి. మీ ఇద్దరికీ కలిపి టూ టుగెదర్ రైల్ కార్డు తీసుకోండి, కలిసి చేసే ప్రయాణాల్లో మూడో వంతు తగ్గుతుంది. పని దినాల్లో మాత్రం పొద్దున్న తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. లండన్ బస్సుల్లో డబ్బులు తీసుకోరు, కార్డు తాకించాలి. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికీ పనికిరాదు. స్టేషన్లలో కూలీలు ఉండరు. మీ పెట్టె మీరే రైలు గుమ్మం దాకా ఎత్తాలి కాబట్టి మనిషికి ఒక్క చిన్న పెట్టె. అబ్బాయి కోసం తెచ్చే పచ్చళ్ళూ పొడులూ వేరే పెట్టెలో పెట్టి, అతను లండన్ వచ్చినప్పుడే చేతికిచ్చి పంపేయండి. పాలతో చేసిన మిఠాయిలు, నెయ్యి తీసుకెళ్ళకండి. మన దేశం నుంచి పాల పదార్థాలకీ మాంసానికీ అనుమతి లేదు.

బయట తినేటప్పుడు ఒక్క మాట. పొట్లం మీద వెజిటేరియన్ అని ఉంటే సరిపోదు, అక్కడ గుడ్డు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మీరు వీగన్ అని, అంటే గుడ్డూ పాలూ కూడా లేనివని, రాసి ఉన్నవి చూసి కొనండి. పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది.

వీసాకి ప్రయాణం మూడు నెలల లోపే దరఖాస్తు చేయగలరు, జవాబుకి మామూలుగా మూడు వారాలు పడుతుంది. అది చేతికొచ్చేదాకా డబ్బు తిరిగిరాని హోటల్ గానీ టికెట్ గానీ కొనకండి. ఉచితంగా రద్దు చేసుకునే గదులు ఇప్పుడే పట్టి పెట్టుకోండి, కాస్త ఎక్కువైనా సరే. ఒకే వీసా ఇంగ్లండ్‌కీ స్కాట్లండ్‌కీ చెల్లుతుంది. ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోండి, అమ్మగారి మోకాళ్ళ సంగతి అందులో దాచకుండా రాయండి. మందులకి డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి.

చివరగా, యార్క్ నుంచి ఎడిన్‌బరో వెళ్ళే రైల్లో సీట్లు ఎంచుకునేటప్పుడు వెళ్ళే దిక్కుకి కుడివైపు కావాలని అడగండి. డర్హమ్ దగ్గర కొండ మీద చర్చి ఆ వైపే కనిపిస్తుంది. న్యూకాజిల్ దాటిన కాసేపటికి సముద్రం పక్కకి వస్తుంది. బెరిక్ దగ్గర 1850లో విక్టోరియా రాణి ప్రారంభించిన ఇరవై ఎనిమిది కమానుల రాతి వంతెన మీద, ట్వీడ్ నది దాటతారు. మన గోదావరి వంతెన మీద రైలు వెళ్తున్నప్పుడు చేసినట్టే అమ్మగారు అక్కడ కూడా చిల్లర తీయబోతారేమో, అద్దాలు తెరుచుకోవని ముందే చెప్పి, కిటికీ పక్క సీటు మాత్రం ఆవిడకే ఇవ్వండి.